మైకు భాస్కరు, పుస్తకం పెద్దాయన

మా ఆయన పేరు నేను నోటితోని అనను. మా అత్త నేర్పిన అలవాటు, ఇంకా పోలే. నేను అనకపోతే ఏమాయె, ఊరంతా అంటనే ఉంటది మైకు భాస్కరు, మైకు భాస్కరు అని. సారపాకల, భద్రాచలంల, ఇటు బూర్గంపాడు దాకా ఎవర్నడిగినా చెప్తరు. ఆటోకు ముందొక హారను, వెనకొక హారను కట్టి, చేతిల మైకు పట్టుకొని ఊరూరు తిరిగి చెప్పుడు ఆయన పని. పోలియో చుక్కలు ఏ రోజు ఏస్తరు, పశువుల డాక్టరు ఏ ఊరికొస్తుండు, నవమికి బస్సులు యాడ ఆపుతరు, గోదారి పెరిగితే లోతట్టోళ్ళు యాడికి పోవాలె, ఎవరి మేక తప్పిపోయింది, అన్నీ ఆయన నోట్లకెళ్ళి వచ్చినంకనే ఈ ఊళ్ళకు తెలిసేటియి.

ఏం గొంతనుకున్నరు అది. గోదారి సంగతి చెప్తే ముసలోళ్ళు లేచి మూటలు కట్టుకునేటోళ్ళు. అదే గొంతుతోని సినిమా సంగతి చెప్తే పోరగాళ్ళు ఆటో ఎంబడి ఉరికేటోళ్ళు. ఇంట్ల నాకు మాత్రం తలనొప్పి. చింతపండు డబ్బా యాడున్నదే అని నన్నడిగితే పక్కింటామె గోడ మీదికెళ్ళి జవాబు చెప్పేది. జర మెల్లగ మాట్లాడవయ్యా అని రోజూ మొత్తుకునేదాన్ని. ఆ గొంతే ఒకనాడు పోయింది. మళ్ళ నోరు తెరుస్తడా, తెరవడా అని నేను పడ్డ గోస పగోళ్ళకు కూడ వద్దు. ఆ సంగతి చెప్పాలంటే ముందుగాల ఒక పుస్తకం సంగతి చెప్పాలె.

రెండువేల మూడో, నాలుగో అనుకుంట. మా ఊరి పేపరు మిల్లుకు వెదురు, జామాయిల్ కట్టెతో పాటు పాత కాయితాల కట్టలు గూడ లారీల వస్తయి. ఏడేడ దేశాల చిత్తుకాయితమో. ఒకనాడు మలుపుల ఒక లారీ తాడు తెగి కట్టలు రోడ్డు మీద పడ్డయి. ఎనకనే మా ఆయన ఆటో. దిగి, డ్రైవరుకు చెయ్యిచ్చి అన్నీ ఎక్కిచ్చిండట. అట్ట లేని పుస్తకం ఒకటి చేతికొస్తే ఆడనే నిలబడి తిరగేస్తుండట. ఆ డ్రైవరు ఎవరో పుణ్యాత్ముడు, నీకు కావాల్నంటే తీస్కపోన్నా, ఎట్లైనా ఉడకబెట్టేదే గద అన్నడట. గట్ల, ఉడికి గుజ్జు కావాల్సిన పుస్తకం మా ఇంటికొచ్చింది.

కూరగాయలు తెమ్మంటే పుస్తకం తెచ్చిండని నేను గయ్యిన లేచిన. అది ఇంగ్లీషు పుస్తకం. ఆయన సత్తుపల్లిల ఇంటరు చేసి, డిగ్రీ నడుమల వదిలేసినోడు. డిక్షనరీ ముందరేసుకొని పొద్దుమాపు అదే పని. నేను తిరుమలాయపాలెం బళ్ళ ఏడు దాకా చదివిన, ఇంగ్లీషు అక్షరాలు బోర్డుల మీద గుర్తు పడత గానీ పుస్తకం నాతోని కాదు. నేను జొన్నరొట్టెలు చేస్తుంటె ఆయన పక్కన పీటేసుకొని కూసొని తెలుగుల చెప్పేటోడు. అందుకే ఆ పుస్తకంల ఏమున్నదన్నా నాకు ఆయన గొంతులనే ఎరుక.

అది ఆట పుస్తకం. నలుగురు కూసుంటరు. ఒకరు కథ చెప్తరు, అడివి, పాడువడ్డ కోట, గుహ, గుహల రాకాసి. మిగిలినోళ్ళు ఆ కథల మనుషులు. ఇగో గిట్లున్నది, నువ్వేం చేస్తవ్ అని కథ చెప్పేటోడు అడుగుతడు. వాళ్ళు ఏం చేస్తరో చెప్తరు. అది అయితదా కాదా అని పాచికేసి చూస్తరు. గంతే. గెలుసుడు లేదు, ఓడుడు లేదు. గెలుసుడే లేనంక ఇదేం ఆటయ్యా, పనిలేని పని అన్న నేను.

రూల్సు మస్తున్నయి. కత్తి బరువెంత, గోడెక్కుతె జారే లెక్కెంత, అన్నీ పట్టీలు పట్టీలుగ ఉన్నయి. అవి నా చెవులకు ఎక్కలే. ఎక్కింది వేరేది. ఆ రాసినాయన రూల్సు చెప్పుకుంట చెప్పుకుంట నడుమల ఆగి, మనతోని ముచ్చట పెట్టేటోడు. ముందు పేజీలు చినిగిపోయినయి గద, ఆయన పేరు తెలువదు, ముసలోడో పడుచోడో కూడ తెలువదు. మేం పుస్తకం పెద్దాయన అనుకునేటోళ్ళం.

ఆ పెద్దాయన ముచ్చట్లు వింటే మా మేనమామ అరుగు మీద కూసొని చెప్పినట్టే ఉండేది. ఆట నడుస్తుంటే రూలు మతికి రాకపోతే పుస్తకం ఎతుక్కుంట కూసోకు, నోటికొచ్చింది చెప్పి ముందుకు పో, తప్పైతే వచ్చేవారం ఒప్పుకో, ఎవరూ చావరు అన్నడు. ఆటకు పిలిచినోళ్ళకు తినేటందుకు ఏమన్న పెట్టు, ఆకలి మీదున్నోడు ప్రతిదానికి కొట్లాటకొస్తడు అన్నడు. గోతుల పడే లెక్కలు రెండు పేజీలు రాసి, చివర, నేనైతే ముందు కర్రతోని తట్టి చూసి నడుస్త, మీ ఇష్టం అన్నడు. ఒకకాడ ఒక రూలు రాసి, మా చెల్లె ఈ రూలు ఒప్పుకోదు, మీరు మా చెల్లెతోని ఆడేటట్టయితే ఇది వదిలెయ్యుండ్రి అని రాసిండు. నేను రొట్టె మాడబెట్టుకొని నవ్విన. ఆ చెల్లె ఎవరో నాలాంటిదే అయ్యుంటదని మా ఆయన నన్ను ఎగతాళి చేసిండు.

నాకు ఆయన అన్నీ నచ్చినయని కాదు. అలిగినోణ్ణి బతిమాలకు, పనప్పజెప్పు అన్నడు పెద్దాయన. ఆ మాట మా ఆయన నా మీదనే ప్రయోగం చేసిండు. నేను అలిగి పండుకుంటె వచ్చి, లక్ష్మీ, బియ్యం ఏరాలె అన్నడు. ఆ రోజు ఆ పుస్తకం పెద్దాయనకు, ఈయనకు కలిపి పెట్టిన తిట్లు ఇప్పుడు చెప్తే బాగుండదు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు రేకుల పందిరి కింద ఆట షురూ అయ్యింది. వచ్చేది ముగ్గురే. లాలు మిల్లు యార్డుల కాంట్రాక్టు మీద లోడింగు పనిచేస్తడు, తండా పిలగాడు, కథల ఏది కనవడ్డా ముందు కత్తి తీస్తడు. సుబ్బరత్నం గారు బట్టల మిషను కుట్టేటామె, వాళ్ళ నాయన కాలంల కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నోళ్ళు. అదేంటండీ, రూలు ప్రకారం అలా కుదరదు కదా అని ప్రతిదానికీ పేచీ. మూడో మనిషి పగిడయ్య. అడివి లోపలి కోయ గూడెం మనిషి. సంతకు అడ్డాకులు, చీపుర్లు తెచ్చి, అవి అమ్ముడుపోయినంక మా పందిరి కిందికొచ్చి కూసునేటోడు. మాట తక్కువ. ఆట మాత్రం అందరికంటె గట్టిగ పట్టుకునేటోడు.

ఇరవై మొకాల పాచిక కావాల్నట ఆ ఆటకు. ఈడ యాడ దొరుకుతది? పాచికలు లేకపోతే చీటీలు రాసి టోపీల ఏసుకో, ఆట మాత్రం ఆపకు అని పెద్దాయన దానికి గూడ చెప్పి పెట్టిండు. మేం హౌసీ ఆడే నంబర్ల ప్లాస్టిక్ బిళ్ళలు ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి నా పోపు డబ్బాల ఏసినం. ఇప్పటికీ ఆ బిళ్ళలు జీలకర్ర వాసనొస్తయి.

పగిడయ్యతోని ఒక చిక్కుండేది. కథల కొత్త అడివికి పోయినా, ఊట నీళ్ళు తాగాల్నన్నా, చెట్టు కొమ్మ కొట్టాల్నన్నా ముందుగాల నిలబడి అడిగేటోడు, ఈ జాగ ఎవరిది, మేం రావొచ్చా అని. వాళ్ళ గూడెంల అట్లనేనట. అడివిల కొత్త జాగకు పోతే అడగకుంట కాలు పెట్టరట. లాలు తల పట్టుకునేటోడు. అట్లాంటి రూలు పుస్తకంలో లేదు కదండీ అని సుబ్బరత్నం గారు. అప్పుడు మా ఆయన పెద్దాయన మాట తీసిండు. నా అడివి నేను చూసినట్టు రాసిన, నీ పందిరి కింద కూసున్నోళ్ళ అడివి వాళ్ళు చూసినట్టే ఉండనియ్యి, వాళ్ళకు నా అడివి నేర్పకు అని ఉన్నదట. ఇగ పగిడయ్య అడిగినప్పుడల్లా మా ఆయన చెట్టు గొంతుతోని ఒకతీరు, ఊట గొంతుతోని ఒకతీరు పలికేటోడు. రోడ్డు మీద పోయేటోళ్ళు ఆగి వినేటోళ్ళు.

తర్వాత ఆయన గొంతు బొంగురు పోయింది. మైకుల అరిచి అరిచి పట్టుకున్నదనుకున్నం. మిరియాల కషాయం తాపిచ్చిన. తగ్గలే. ఆయన దవడల జర్దా ఎప్పుడూ ఉండేది, దాని గురించి నేను పెట్టిన పోరు ఊరికే పోయింది. ఖమ్మం డాక్టరు చూసి జల్దీ హైదరాబాదు పొమ్మన్నడు. ఆడ పెద్ద దవాఖానాల గొంతుపెట్టె తీసేసిండ్రు. తియ్యకపోతే మనిషి దక్కడన్నరు. మెడ కింద చిన్న చిల్లు, ఊపిరి దాంట్లకెళ్ళే. మనిషి దక్కిండు, నేను ఆ డాక్టర్లకు రెండు చేతులెత్తి మొక్కిన. కానీ చీటీ లేని డబ్బా తీరు, ఆయన లోపల ఏమున్నదో నాకు తెలువకుంట అయ్యింది.

ఆడ ఒక మేడం ఉండేది, గొంతుపెట్టె తీసేసినోళ్ళకు మాటలు నేర్పేది. గాలి మింగి, తేన్పు తీరు పైకి తెచ్చి, దాంతోనే మాటలు చెయ్యాలె. వినేటందుకు బాగుండదు, కానీ మాట మాటే. ఆయనకు తొందరగనే పట్టుబడ్డది. మేము వచ్చేముందు మేడం నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"రోజూ మాట్లాడించమ్మా, నలుగురి మధ్యల మాట్లాడాలె. సిగ్గుపడి మానేస్తే, వచ్చింది కూడా పోతది."

సరే మేడం, నోరు మూయించుడు కష్టం గానీ తెరిపిచ్చుడేమంత అన్న. నాకేం తెలుసు.

వచ్చేటప్పుడు బస్సుల కండక్టరు యాడికి అన్నడు. ఈయన గాలి మింగి, సారపాక అన్నడు. ముందు సీటుల ఇద్దరు తిరిగి చూసి కిసుక్కున నవ్విండ్రు. చెడ్డోళ్ళేం కాదు, తెలువక నవ్విండ్రు. మా ఆయన కిటికీ దిక్కు తిరిగిండు. ఇగ అదే ఆఖరు. ఇల్లు చేరినంక నోరు తెరవలే.

నేను ఏం చెయ్యలే అని అడుగుండ్రి. బతిమాలిన. తిట్టిన. అన్నం పెట్టకుంట కూసున్న, అడిగితేనే పెడ్త అని. ఆయన లేచి తనే ఏసుకొని తిన్నడు. పలక కొనుక్కొచ్చి దాని మీద రాసి చూపెట్టేటోడు. ఒకనాడు కోపంల పలక దాచిపెట్టిన, వేలితోని గోడ మీద రాసుడు షురూ చేసిండు. ఆటో ఇంకొకళ్ళకు కిరాయికిచ్చిండు. వాళ్ళు క్యాసెట్టు పెట్టుకొని తిరిగేటోళ్ళు. ఆ బండి మా వీధిల పోతుంటే ఈయన లేచి ఇంటెనక్కు పోయి బాయి కాడ నిలబడేటోడు. నెలలు గడుస్తున్నయి. వచ్చింది కూడ పోతది అన్న మేడం మాట నా చెవులల్ల మోగుడే మోగుడు.

ఒక ఆదివారం ముగ్గురూ కూడబలుక్కొని వచ్చిండ్రు. సుబ్బరత్నం గారు జంతికలు చేసుకొచ్చింది. బాగున్నావా అన్నా అని అడిగితే జవాబు చెప్పలేని మనిషిని ఏమడుగుతరు? చివరికి లాలు, ఆడదామన్నా, నువ్వు సైగ చెయ్యి చాలు అన్నడు. మా ఆయన చేతులడ్డంగ ఊపి లోపలికి పోయి పరదా ఏసుకున్నడు.

నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. ఆయన మీదనా, ఆ గొంతు తీసుకపోయిన దేవుని మీదనా, జంతికలు కొరుకుతున్న వీళ్ళ మీదనా తెలువదు. లోపలికి పోయి ఆ అట్టలేని పుస్తకం తెచ్చి ఒళ్ళ పెట్టుకొని ఆయన పీట మీద కూసున్న. చదవరాని పుస్తకం, తెరిచి పట్టుకున్న. కూసోండ్రి, నేను చెప్త కథ అన్న. కథ చెప్పే పీట ఎవని తాత జాగీరు కాదు, నీకు జ్వరమొస్తే ఇంకొకరిని కూసోబెట్టు, వాళ్ళు నీకంటె బాగ చెప్తే ఏడువకు అని పెద్దాయన అన్నది నాకు మతిల ఉన్నది. ఆ మాట మా ఆయన పాత గొంతులనే మతిల ఉన్నది. ఆ గొంతు ఈ లోకంల ఇంక నా తలకాయల తప్ప యాడా లేదు గదా అనుకునేసరికి నా కండ్ల నీళ్ళు దుంకినయి. పొయ్యి పొగ అని చెప్పిన. పొయ్యి వెలిగించనే లేదు.

ఎంత అద్వాన్నంగ చెప్పిన్ననుకున్నరు. కోట అన్న, అది చివరికి మన మిల్లు గేటు తీరే అయ్యింది. కాపలా రాక్షసుడు వాచ్‌మన్ తీరు పాసు చూపెట్టమన్నడు. కథల లాలు ఆడే మనిషిని చంపేసి, మరిచిపోయి మళ్ళ మాట్లాడిపిచ్చిన, మళ్ళ చంపిన. రూలు ప్రకారం అని సుబ్బరత్నం గారు నోరు తెరిస్తె, రూలు నాకు రాదమ్మా, నోటికొచ్చింది చెప్తున్న, తప్పైతే వచ్చేవారం ఒప్పుకుంట అన్న. ఆమె నవ్వింది. పరదా కదిలింది. లోపల మా ఆయన నవ్వుతుండో, నెత్తి కొట్టుకుంటుండో తెలువదు గానీ, పరదా మాత్రం కదిలింది.

తర్వాత వారం పరదా తీసే ఉన్నది. ఆ తర్వాత వారం ఆయన బయటికొచ్చి గోడకానుకొని మంచం మీద కూసున్నడు, మెడకు తువ్వాల చుట్టుకొని. ఆటకు రాలే, ఊకె కూసున్నడు. నేను కత్తి బరువు తప్పు చెప్తే ఇంతెత్తున చెయ్యెత్తి తిప్పేటోడు. నేను కావాల్నని తప్పులు చెప్పుడు షురూ చేసిన. గట్లనన్న మాట వస్తదేమో అని ఆశ. చెయ్యొచ్చింది గానీ మాట రాలే.

అట్ల నడుస్తుంటె కథ ఒకనాడు కొండల నడుమ ఒక గుహ ముందుకొచ్చింది. లోపల ఏమున్నదో నేను అనుకోనే లేదు. ఇగో గుహ, లోపలంత చీకటి, ఏం చేస్తరు అని అడిగిన. లాలు కత్తి తీసిండు. సుబ్బరత్నం గారు దీపం ముట్టించిందట. పగిడయ్య మాత్రం బాసింపట్టేసుకొని కూసున్నోడు కూసున్నట్టే, ముందరి నేల దిక్కు చూసుకుంట అడిగిండు.

"లోపల ఎవరున్నరు? ఈ జాగ ఎవరిది? మేం ముగ్గురం వచ్చినం. రావొచ్చా?"

నడువ్ పగిడన్నా పొద్దుపోతది అన్నడు లాలు. యజమాని పలికేదాక అడుగెయ్య అన్నడు పగిడయ్య. ఇగ నేను పలకాలె. రాకాసి గొంతు పెట్టబోయి ఆగిన. నేను ఏ గొంతు పెట్టినా నా పోరు పెట్టే గొంతే వస్తది, ఇదివరకు రెండుసార్లు చూసిన, అందరూ నవ్విండ్రు. అప్పుడు పెద్దాయన ఇంకొక మాట మతికొచ్చింది. ఏం చేస్తవ్ అని అడిగినంక నువ్వు నోర్మూసుకో. చప్పుడు లేదని భయపడి నువ్వే నింపకు. ఎవరో ఒకరు పలుకుతరు, అది నువ్వనుకున్న మనిషి కాకపోవచ్చు.

నోర్మూసుకునుడు. నా జన్మల చెయ్యని పని. మా పుట్టింటోళ్ళు వింటే నమ్మరు. కొంగు నోట్ల కుక్కుకొని కూసున్న. మిల్లుకు పోయే కట్టెల లారీ ఒకటి రోడ్డు మీద పోయింది. సుబ్బరత్నం గారు ఏదో అనబోతే ఆమె మోకాలు గట్టిగ వత్తిన. లాలు నా మొకం చూసి ఆగిండు. పగిడయ్యకు తొందరే లేదు. మంచం దిక్కు చూడొద్దు, చూడొద్దు అని నాకు నేను చెప్పుకుంట పుస్తకం దిక్కే చూసిన. ఆ అక్షరాలు ఒక్కటి గూడ నాకు కనవడలే.

మంచం మీదికెళ్ళి గుటకేసిన చప్పుడైంది.

"రాండి."

సైకిలు ట్యూబు నీళ్ళల ముంచితే వచ్చే చప్పుడు తీరున్నది ఆ మాట. లాలు నిజంగనే జడుసుకొని సుబ్బరత్నం గారి పక్కకు జరిగిండు. ఎవరూ నవ్వలే. నవ్వెట్లొస్తది, గుహల ఉండేటోని గొంతు గట్లనే ఉంటది గదా. లేచి ఆయన కాళ్ళు పట్టుకోవాల్ననిపించింది. ఇప్పుడు లేస్తే ఇది ఇంతటితోని ఆగుతదని కొంగు ఇంకింత కుక్కుకున్న.

పగిడయ్య మంచం దిక్కు తిరగనే లేదు. గుహ యాడున్నదో ఆడికే, నేల దిక్కే చూసుకుంట, కత్తులు బయట పెట్టాల్నా అని అడిగిండు. అవ్ అన్నడు గుహ యజమాని. చెప్పులు ఇడువాల్నా అంటే, మళ్ళ గుటకేసి, ఇడువుండ్రి అన్నడు. లాలు కత్తి కింద పెట్టిండు, వాని చేతిల కత్తి లేకున్నా పెట్టినట్టు పెట్టిండు. ముగ్గురూ లోపలికి పోయిండ్రు. కూసోమన్నడు. కూసున్నరు. ఇంక రాకాసి వీళ్ళను తింటడా, నిధి చూపెడ్తడా అని నేను చూస్తుంటె, ఆ గుహ యజమాని అడిగింది వేరే.

"బయట... ఏం... సంగతి?"

ఊరందరికి సంగతులు చెప్పిన మనిషి. ఇన్ని నెలలు ఎవర్నీ ఒక్క సంగతి అడగకుంట చీకట్ల కూసున్నడు. లాలుకు అర్థమైందో లేదో గానీ వాడు కథ మర్చిపోయి నిజం సంగతులే చెప్పిండు. గోదారి ఎంత వచ్చింది, యార్డుల ఏ సూపర్‌వైజరు మారిండు, బ్రిడ్జి మీద యాడ గుంత పడ్డది. సుబ్బరత్నం గారు తన మిషను బెల్టు తెగిన కథ చెప్పింది. ఎప్పుడు, ఎవరు, యాడ అని ఆయన ఒక్కొక్క గుటకకు ఒక్కొక్క మాట అడుగుతనే ఉన్నడు. కొన్ని మాటలు తెగినయి, కొన్ని మింగుడు పడ్డయి, మళ్ళ చెప్పిండు. పొద్దుగూకేదాక ఆ గుహలకెళ్ళి ఎవరూ లేవలే. నేను కథ చెప్పుడు మానేసి చాయ పెట్టిన.

పోయేటప్పుడు పగిడయ్య సంచి సర్దుకుంటుంటె రోడ్డు దాకా ఎంట పోయి అడిగిన, కావాల్నని చేసినవా అన్నా, ఆయనను పలికిద్దామని చేసినవా అని. ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలే.

"లోపల మనిషున్నడని ఎరుకనే గద అక్కా. పలుకుతడని నిలబడ్డ."

అంతే అని ఆటో ఎక్కిండు. నేను ఆ రోడ్డు మీదనే నిలబడి మస్తు సేపు ఏడ్చిన. సంతోషానికే.

ఇప్పటికీ ఆదివారాలు ఆట నడుస్తనే ఉన్నది. కథ నాది, గొంతులన్నీ ఆయనయి. రాకాసి, ముసలి మంత్రగత్తె, మాట్లాడే తొండ, అన్నిటికీ ఆ ఒక్క గొంతే, అయినా ఏది ఏదో తెలుస్తది. ఆ పుస్తకం పెద్దాయన ఏ దేశపోడో, బతికున్నడో లేదో, చెల్లెతోని ఇంకా కొట్లాడుతుండో లేదో. తను రాసిన ముచ్చట సారపాకల ఒక రేకుల పందిరి కింద పనికొచ్చిందని ఆయనకు చెప్పేటోళ్ళు లేరు. ఆ రూల్సన్నీ రాసి ఊకుంటె నాకేం మిగిలేది? కత్తి బరువు నేనేం చేసుకుంట? నడుమల ఆగి మనిషి తీరు మాట్లాడిండు, అది పట్టుకొని నేను బయటపడ్డ. భద్రాద్రి రాముడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ పేరు తెలువని పెద్దాయనకు కూడ ఒక దండం పెడ్త. పగిడయ్యకు మాత్రం పెట్టను, పెడితే ఆయన సిగ్గుపడి సంతకు వచ్చుడు మానేస్తడు.

ఆ సాయంత్రం సంగతి ఇంకొకటి మిగిలింది. అందరు పోయినంక నేను పొయ్యి కాడ కూసొని ఎసరు పెట్టిన. మంచం మీద ఆయన ఒక్కడే ఉన్నడు. గుహ లేదు, ఆట లేదు. ఇంతల గుటకేసిన చప్పుడైంది.

"లక్ష్మీ."

విన్న. బాగ విన్న. కానీ పలకలే. ఇంకొకసారి పిలువనీ అని పలకలే. మళ్ళ పిలిచిండు. అప్పుడు కూడ ఎసట్ల బియ్యం పోసుకుంట పలకలే. మూడోసారికి ఆయనకు కోపమొచ్చింది. పెద్దగ గాలి మింగి, ఒక్క గుక్కల అన్నడు.

"చెవుడా నీకు?"

ఏందయ్యా అట్ల అరుస్తవ్, వస్తున్న గద, అని అప్పుడు లేచి పోయిన.